ఐదున్నరకు చదువుతోంది

కిడ్నీలు బాగున్నాయి, గుండె బాగుంది, ఇప్పటికి మందులేమీ అక్కర్లేదు అని డాక్టర్ మిర్వత్ చెప్పిన క్షణంలో ఆవిడ బల్ల మీదున్న గాజు కుందేలు నాకు ఎంత ముద్దొచ్చిందంటే, పెళ్లై మూడు నెలలైనా నిండని కోడలిని కాకపోతే దాన్ని అక్కడికక్కడే ముద్దు పెట్టుకునేదాన్ని. మా ఆడపడుచు రవాన్‌కు పదిహేడేళ్లు. పదిహేడేళ్ల పిల్లకు బీపీ ఏమిటని ఫిబ్రవరి నుంచి మా అత్తగారు కనిపించిన గోడనల్లా అడుగుతున్నారు. మొన్న ఆదివారం ఒక రోజంతా పిల్ల చేతికి కట్టి ఉంచిన యంత్రం, పగలు అరగంటకోసారి, నిద్రలో గంటకోసారి గాలి నింపుకుని చెయ్యి నొక్కి అంకెలు దాచుకున్న ఆ యంత్రం, చివరికి మంచి మాటే చెప్పింది. నిద్రలో నూట నాలుగు, అరవై. ఇది రోగమున్న ఒళ్లు కాదమ్మాయ్ అన్నారు డాక్టరు. నేను రిపోర్టుల కవరు కోసం చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు. యంత్రంతో పాటు మాకు ఇచ్చిన కాగితాన్ని, ఏ వేళకు పిల్ల ఏం చేస్తోందో గడుల్లో రాయాల్సిన కాగితాన్ని, అందులోంచి బయటికి లాగారు.

"ఇది ఎవరు నింపారు?"

"నేనేనండీ."

"ఈ పిల్ల మనిషా, గోడ గడియారమా? పదకొండుకు చదువుతోంది. పదకొండున్నరకు చదువుతోంది. భోంచేస్తూ చదువుతోంది. సరే. మూడున్నరకు చదువుతుంటే నూట పన్నెండు, డెబ్భై. ఐదున్నరకు చదువుతుంటే నూట యాభై రెండు, తొంభై ఆరు. మధ్యాహ్నం కెమిస్ట్రీ, సాయంత్రం దయ్యాల కథలా?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆవిడ నవ్వలేదు. భయమేస్తే నాళాలు బిగుసుకుంటాయి, గుండె గట్టిగా కొడుతుంది, అది ఒంటికి సహజం, పరీక్ష హాల్లో పెరిగి బయటికి రాగానే తగ్గితే నాకు దిగుల్లేదు అన్నారు. కానీ తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చున్న పిల్లకు రోజూ అదే వేళకు పెరుగుతోందంటే, నెలల తరబడి పెరుగుతోందంటే, ఒళ్లు ఆ బిగువుకే అలవాటు పడిపోతుంది అన్నారు. "మీ ఇంట్లో ఐదుకీ ఎనిమిదికీ మధ్య ఏం జరుగుతుందో నాకు చెప్పక్కర్లేదు. వారం రోజులు ఆపండి. వచ్చే మంగళవారం మళ్లీ యంత్రం కడదాం. అప్పుడూ ఇవే అంకెలైతే పరీక్షలకు ముందే మాత్రలు మొదలుపెట్టాలి. ఈ వయసులో నాకది ఇష్టం లేదు." అప్పుడు కవరు ఇచ్చారు.

ఇప్పుడు ఆ కవరు ఒళ్లో పెట్టుకుని మైక్రోబస్సులో కూర్చున్నాను, బస్సు వంతెన మధ్యలో ఆగిపోయింది, వెనక డాక్టరున్న మన్సూరా, ముందు మా తల్ఖా, కింద నది నీళ్లు కూడా ఎండకు అలిసిపోయినట్టు కదలకుండా ఉన్నాయి, పద్నాలుగు మందికి పద్దెనిమిది మందిమి, నా చెప్పుల బక్కిల్ మడమను కోస్తోంది, అయినా ఇవి పెళ్లికి కొన్న చెప్పులు, చూసినప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది, కోసినా సరే. జూన్ నెలలో ల్యాబ్ కవరు పట్టుకుని ఇలాంటి ముఖంతో తిరిగే ఆడది ఎలాంటి ఇంటి నుంచి వచ్చిందో ఇక్కడ ఎవరూ అడిగి తెలుసుకోనక్కర్లేదు. పక్క సీటావిడ సంచీలోంచి దోసకాయ ముక్క తీసి నా చేతిలో పెట్టి, "సానవియానా?" అంది, ఇంట్లో పన్నెండో తరగతి ఆఖరి పరీక్షలున్నాయా అని.

"అవును పిన్నీ. మా ఆడపడుచు. ఇంకా పన్నెండు రోజులే."

"మెడిసినేనా?"

"మెడిసినే."

"నాకు కవలలమ్మా. ఇద్దరికీ ఈ ఏడే. అందుకే రోజూ ఈ బండెక్కి అటు చివరిదాకా, ఇటు చివరిదాకా రెండుసార్లు తిరిగి దిగుతా. ఇంట్లో కంటే ఇక్కడ ప్రశాంతం."

డ్రైవరు అద్దంలోంచి అరిచాడు. "పిన్నీ, మూడో ట్రిప్పు నా లెక్కలో వేసుకుంటా, ఆ దోసకాయ ఇటు పంపు!" బండంతా నవ్వింది, నేనూ నవ్వాను, గట్టిగా నవ్వి అలవాటు కొద్దీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఇక్కడ ఎవరు వింటారు? కానీ చెయ్యికి తెలీదు కదా. "కొత్త కోడలా, నీ నవ్వు కింది అంతస్తుకు వినిపిస్తోంది, ఇది సానవియా ఇల్లు తల్లీ" అని అత్తగారు మెట్ల మీద నుంచి గుసగుసగా కేకేసిన రోజు నుంచి ఈ చెయ్యి తనంతట తానే లేస్తోంది. గుసగుసగా కేకేయడం ఎలాగో మా అత్తగారి దగ్గరే నేర్చుకోవాలి. మా వాటా సరిగ్గా రవాన్ గది పైన. మేం మేజోళ్లతో నడుస్తాం, కుర్చీ కాళ్లకు పాత గుడ్డలు చుట్టాం, ఐమన్ అయితే మంచం నుంచి వంటింటి దాకా నన్ను ఎత్తుకునే వెళ్తాడు, రెండు జతల అడుగుల బదులు ఒకటే జత చప్పుడవుతుందట, చదువుకునే చెల్లెలి కోసమట. ఎంత బాధ్యత గల అన్నయ్యో! ఇంటిల్లిపాదీ ఉప్పు మానేశాక అతను ఉప్పులో ఊరేసిన ముల్లంగి పొట్లాలు చొక్కా లోపల దాచి తెస్తాడు, మేం పడక గది తలుపేసుకుని, కరకరమని చప్పుడు రాకుండా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నెమ్మదిగా నములుతాం. అందరూ పెళ్లైన కొత్తలో ఏం చేస్తారో నాకు తెలీదు. మాకిది చాలా బాగుంది. బాగుంది కానీ అలసటగా ఉంది. నాకు బిగ్గరగా పాడుకుంటూ గిన్నెలు తోమాలని ఉంది.

మా పెళ్లి కూడా గుసగుసగానే జరిగింది. వీధిలో డేరా వేశారు, దీపాలు వేలాడదీశారు, స్పీకర్లు మాత్రం తొమ్మిదికల్లా కట్టేశారు, మర్నాడు రవాన్‌కు ఫిజిక్స్ నెలవారీ పరీక్ష. అంతమంది ఆడవాళ్లు, అన్ని నగలు, మెట్లెక్కుతూ ఒక్కరూ నోరు విప్పి, నాలుక ఆడిస్తూ సంబరంగా వేసే ఉలూలు కేక వేయలేదు. రెండో అంతస్తులో ఎవరి గాజులో గలగలలాడితే మా మామగారు పెదాల మీద వేలు పెట్టి చూపించారు, అప్పుడాయన కళ్లు తడిగా ఉన్నాయి. కొడుకు పెళ్లి అయిందనా, కూతురు నిద్ర లేచిపోతుందనా అని ఐమన్‌ను అడిగాను. రెండూ అన్నాడు. ఇప్పుడు ఫోన్ మోగింది, అతనే, ఏమైందని అడుగుతున్నాడు, రోగం లేదు అని రాశాను, ఒక వరస నిండా గుండె బొమ్మలు వచ్చాయి, వాటి చివర ఒక ముల్లంగి బొమ్మ. ఇలాంటివాడిని నాకిచ్చిన దేవుడికి ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే. మిగతాది రాద్దామని వేళ్లు పెట్టి తీసేశాను. మిగతాది అతని తండ్రి గురించి.

ఎందుకంటే ఐదున్నరకు ఏం జరిగిందో నాకు తెలుసు. మూడున్నరకు ఏం జరిగిందో కూడా నాకు తెలుసు. కాగితం నేను నింపాను కానీ మాటలు అత్తగారివి. "చదువుతోంది అని రాయి. అన్ని గడుల్లోనూ రాయి. డాక్టరు చదువుకున్న మనిషి, రెండు వారాల్లో సానవియా ఉన్న పిల్ల బొద్దింకలా మిద్దె మీద తిరుగుతోందని రాస్తే మన గురించి ఏమనుకుంటుంది?" అన్నారు. ఒక గడిలో తల దువ్వుకుంటోంది అని రాస్తే దిద్దించారు. సానవియా పిల్లకు జుట్టు కూడా ఉండకూడదు. మాకు వారపు సెలవు శుక్రవారం కదా, ఆదివారం మూడున్నరకల్లా మామగారు ఆఫీసు నుంచి వచ్చి భోంచేసి పడుకున్నారు, అత్తగారూ పడుకున్నారు, రవాన్ చెప్పులు చేత్తో పట్టుకుని పైకి మా వాటాలోకి వచ్చేసింది. ఇద్దరం వంటింట్లో చల్లటి నేల మీద కాళ్లు చాపుకుని ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టాం. తను చుట్టినవి వేలెడు లావు, నావి సిగరెట్టంత సన్నం, "వదినా, నీవి ముసలివాళ్లకు, నావి మగాళ్లకు" అంది. అప్పుడే చేతి మీద యంత్రం మూలిగింది. చెయ్యి కదపకూడదు కాబట్టి బియ్యం అంటుకున్న వేళ్లు అలాగే గాల్లో పెట్టి, నవ్వు ఆపుకుంటూ ఇద్దరం కిటికీ వైపు చూశాం. నూట పన్నెండు, డెబ్భై. చదువుతోంది.

ఐదున్నరకు నిజంగానే చదువుతోంది. ఆ గడిలో రాసింది మాత్రం అబద్ధం కాదు. సాయంత్రపు అసర్ నమాజు చేసుకుని వచ్చి, టీ తాగి, మామగారు తన కుర్చీ తెచ్చి ఆమె గది గుమ్మం పక్కన నడవాలో వేసుకుంటారు. సెప్టెంబరు నుంచి రోజూ. తలుపు జానెడు తెరిచి ఉంటుంది. ఆయన ఏమీ అనరు. గట్టిగా దగ్గరు కూడా, దగ్గొస్తే లేచి వంటింట్లోకి వెళ్లి దగ్గి వస్తారు. ఎవరైనా మెట్లు గబగబా దిగితే కళ్లతోనే ఆపుతారు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు మసీదుకు వెళ్లేదాకా అలాగే, మూడు గంటలు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. ఐదు నుంచి అన్ని గడులూ నూట నలభై పైనే, ఐదున్నరకు అన్నిటికంటే ఎక్కువ, ఆయన మసీదుకు బయల్దేరాక ఎనిమిది గడిలో నూట ఇరవై నాలుగు. అంకెలకు మొహమాటం లేదు. ఒకసారి రవాన్‌ను అడిగాను, నాన్నను కాసేపు వెళ్లి పడుకోమనొచ్చుగా అని. "ఏమని చెప్పను? ఆయన ఏమైనా అంటే కదా. తిడితే బావుండేది వదినా, తిరిగి అరిచేదాన్ని" అంది. తర్వాత, నేను ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాక, ఇంకో మాట చెప్పింది. పేజీ తిప్పిన చప్పుడు కోసం ఆయన వింటుంటారట. ఆలస్యమైతే కుర్చీ కిర్రుమంటుందట. అందుకని అర్థం కాకపోయినా, చదవకపోయినా, కాసేపటికోసారి పేజీ తిప్పేస్తుందట. "ఒక్కోసారి పుస్తకం అయిపోతుంది వదినా. మళ్లీ మొదటి నుంచి తిప్పుతాను."

ఆయన ఎందుకు కూర్చుంటారో ఐమన్ నాకు పెళ్లైన వారానికే చెప్పాడు. ఎనిమిదేళ్ల కిందట ఐమన్‌ది సానవియా. ఆ ఏడు మామగారు ప్రతి సాయంత్రం మూల మీద కాఫీ దుకాణంలో స్నేహితులతో డామినోలు ఆడుకునేవారు, అందరు తండ్రుల్లాగే. ఐమన్‌కు మెడిసిన్ అర శాతంలో పోయింది. అర శాతం అంటే ఒక సాయంత్రం అన్నారట మామగారు, ఫలితం చూసిన రోజు, ఆ ఒక్క మాటే. మళ్లీ ఆ దుకాణం గడప తొక్కలేదు. ఐమన్‌కేమీ బాధ లేదు, ఆ అర శాతం వచ్చి ఉంటే కామర్స్ కాలేజీలో నా వెనక బెంచీలో ఎవడు కూర్చునేవాడు అంటాడు, నా పెన్ను విరగ్గొట్టి కొత్తది కొనిపెట్టే వంకతో ఎవడు మాట్లాడేవాడు అంటాడు. ఆ అర శాతం మీద నా కాపురమంతా నిలబడి ఉంది. దాన్నే మామగారు ఎనిమిదేళ్లుగా మోస్తున్నారు. ఆయనకు వెళ్లి, మీరు కాపలా కాస్తున్నందుకే పిల్లకు పెరుగుతోంది అని చెప్పాలి. ఎవరు? నేను. ఇంకా ఫ్రిజ్‌లో ఏ అర అత్తగారిదో, ఏది నాదో తెలీని నేను.

చెప్పకపోతే ఏమవుతుంది? ట్యూషన్ మాస్టర్ల మీదికి నెట్టేయొచ్చు, రెండు వందల మంది ఊపిరి ఆడకుండా కూర్చునే ఆ హాలు మీదికి నెట్టేయొచ్చు, మందారం టీ ఇంకో గ్లాసు పెంచుదాం అనొచ్చు. మొదట తల తిరుగుతోందంటే బీపీ పడిపోయిందనుకుని అత్తగారు నెల రోజులు ఉప్పు జున్ను తినిపించారు, తర్వాత స్కూల్లో నర్సు పట్టీ కట్టి అదిరిపడి ఫోన్ చేస్తే, ఆ రోజు నుంచి మందారం టీ తాగిస్తున్నారు. ఇంకో నెల ఇంకేదైనా తాగిస్తారు. నేను మాత్రం మంచి వార్త తెచ్చిన కోడలిగా మిగిలిపోతాను. మంగళవారం వస్తుంది, యంత్రం మళ్లీ మూలుగుతుంది. పదిహేడేళ్ల చేతిలో మాత్ర. ఇంత అలసటలో ఒక మనిషి ఇంత పిరికిగా ఆలోచిస్తుందని నాకు ఇంతకుముందు తెలీదు. బండి కదిలింది. కవలల తల్లి కళ్లు మూసుకుని ఉంది, తన స్టాపు దాటిపోయినా లేవలేదు. నేను దిగాను.

ఇంటి మెట్లు ఎక్కేసరికి ఐదు దాటింది. తలుపు తీసిన అత్తగారికి చెవిలో చెప్పాను, రోగం లేదు, మందుల్లేవు అని. ఆవిడ సోఫా దిండు లాక్కుని, ముఖం అందులో దూర్చి, ఉలూలు వేశారు. దిండులోంచి వచ్చిన ఆ చప్పుడు దూరంగా ఎక్కడో వేరే ఇంట్లో పెళ్లి జరుగుతున్నట్టుంది. నన్ను రెండు బుగ్గల మీదా, మళ్లీ మొదటి బుగ్గ మీదా ముద్దు పెట్టుకుని నిమ్మరసం కలపడానికి పరిగెత్తారు, మేజోళ్లతోనే. నడవాలో మామగారు అప్పుడే కుర్చీ వేసుకున్నారు. నేను వెళ్లి పక్కన నేల మీద కూర్చుని, రోగం లేదని చెప్పాను. ఆయన ముఖం దగ్గర నుంచి చూస్తే తెల్లవార్లూ బస్సు నడిపినవాడి ముఖంలా ఉంది.

"దేవుడికి వందనాలు," అన్నారు గుసగుసగా. "అయితే మరి ఎందుకు పెరుగుతోందట?"

నోటి వరకు ట్యూషన్ హాలు వచ్చింది. కవరు చేతికిచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, నీటి పారుదల ఆఫీసులో ముప్పై ఏళ్లు కాలువల మట్టాలు చూసిన మనిషి కదా, గడులన్నీ వేలితో కిందికి దిగుతూ వెళ్లారు. మూడున్నర దగ్గర వేలు ఆగింది.

"ఇంత తక్కువా? ఈ వేళకు ఏ పుస్తకం చదివింది?"

"పుస్తకం కాదు మామయ్యా. పైన నాతో ద్రాక్షాకులు చుట్టింది. చదువుతోందని నేనే అబద్ధం రాశాను."

కోప్పడతారనుకున్నాను. వేలు కిందికి కదిలింది. ఐదు. ఐదున్నర. ఆరు. ఏడున్నర. ఎనిమిది. మళ్లీ ఐదుకు వెళ్లింది, మళ్లీ ఎనిమిదికి వచ్చింది. గదిలో పేజీ తిరిగింది. ఆయన తలెత్తి ఆ చప్పుడు విన్నారు, తర్వాత నా వైపు చూశారు. నేను రవాన్‌కు ఒట్టు వేశాను. నోటితో ఏమీ చెప్పలేదు. కానీ నా ముఖం ఎప్పుడూ నా మాట వినదు, ఐమన్ ఇదే అంటాడు, నీ ముఖం మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుందని.

"నేనేమీ అనలేదే అమ్మా," అన్నారు. "ఒక్క మాట కూడా అనలేదు. దాహమేస్తే నీళ్లిద్దామని కూర్చున్నాను."

"తెలుసు మామయ్యా. దానికీ తెలుసు. అందుకే పైకి ఏమీ అనలేకపోతోంది."

చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు, చొక్కా అంచుతో, ఒక అద్దం, తర్వాత రెండోది, మళ్లీ మొదటిది. అత్తగారు నిమ్మరసం గ్లాసులతో వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. నేను తప్పు చేశానా, ఇంకో విధంగా చెప్పాల్సిందా, ఇప్పుడు ఈయన లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే ఈ ఇంట్లో నా ముఖం ఎక్కడ పెట్టుకోను అని ఒకదాని వెనక ఒకటి అనుకుంటూ ఉన్నాను. గదిలో ఇంకో పేజీ తిరిగింది, చాలా తొందరగా.

"ఎక్కడికి వెళ్లను?" అన్నారు చివరికి. ఆ వయసు మనిషి అలా అడిగితే గుండె ఎలా ఉంటుందో నేను రాయలేను. "కాఫీ దుకాణానికి వెళ్లలేను. ఇక్కడే ఇంకో గదిలో కూర్చుంటే కాళ్లు వాటంతట అవే ఇటు వచ్చేస్తాయి. నాకు తెలుసు నా సంగతి."

అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మన్సూరాలో మా మిద్దె మీద అసర్ నుంచి చీకటి పడేదాకా పావురాలు ఎగరేస్తూ, జెండా ఊపుతూ, పక్కింటివాడి గుంపును తిడుతూ వీధంతా మార్మోగించే మా నాన్న, మీ మామగారిని ఒక్కసారి తీసుకురావే, ఆ మనిషి గొంతు ఎలా ఉంటుందో వియ్యంకుడినైనా నాకింకా తెలీదు అని ప్రతి వారం ఫోన్‌లో అడిగే మా నాన్న.

"రేపు అసర్ నమాజు అవగానే మనిద్దరం మా పుట్టింటికి వెళ్తున్నాం మామయ్యా," అన్నాను. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో. అత్తగారి చేతిలో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. "మా నాన్న మిద్దె మీద. అక్కడ ఎవరి మాట వినిపించాలన్నా అరవాల్సిందే. మీరూ అరవాలి."

ఆయన కాగితాన్ని మడతల వెంబడే మడిచి కవరులో పెట్టారు. కుర్చీ చప్పుడు కాకుండా, చేత్తో ఎత్తి పట్టుకుని లేచారు.

"వస్తాను. కానీ కాసేపటికే ఇంటికి పోదాం అంటాను, ఏదో ఒక వంక చెప్తాను, తల నొప్పి అంటాను. రేపు మగ్రిబ్ దాకా నన్ను మెట్లు దిగనివ్వకు అమ్మా."

"మెట్ల తలుపుకు గడియ ఉంది మామయ్యా. తాళం నేనే వేస్తాను."